నోరు మూసుకున్నందుకు శాలువా

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే నేను కూడా దానికి ఒక పోస్టరు అంటించినట్టవుతుంది. మా నర్సీపట్నంలో యాభై దాటిన వాళ్ళంతా చూసిన సినిమాయే. వేటకెళ్ళిన పడవ తుపానులో చిక్కుకుని ఒడ్డుకి చేరదు. అందులో కొడుకున్న తల్లి సముద్రం ముందు నిలబడి ఒక పాట పాడుతుంది. అప్పట్లో ఆ పాట వచ్చేసరికి హాల్లో బీడీలు ఆరిపోయేవి.

ఆ సినిమాని ఈమధ్య తెచ్చి స్టేజి మీద ఆడారు. 'మ్యూజికల్' అన్నారు. చూసి ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. చెడ్డ నాటకాలు నాకు కొత్త కాదు. చాలా చూశాను, చూసి మర్చిపోయాను. అన్నం సయించనివ్వనిది నాటకం కాదు. దాన్ని జనం మెచ్చుకున్న తీరు, దాని మీద పెద్దలు రాసిన రాత. ఆ రోత సంగతి చెప్పాలంటే ముందు సింహాద్రమ్మ సంగతి చెప్పాలి. తల్లి వేషం ఆమెది.

సింహాద్రమ్మ మా వీధి చివర రేకుల ఇంట్లో ఉంటుంది. అరవై దాటాయి. పొద్దున్నే పెదబొడ్డేపల్లి వైపు జీడిపిక్కల షెడ్డుకి నడిచిపోతుంది. ఉడికించిన పిక్కని మిషను మీద పెట్టి, కాలితో తొక్కి రెండు చెక్కలు చేసి, లోపలి పప్పు విరక్కుండా తియ్యడం ఆమె పని. పిక్కలోంచి కారే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా, ఎంత బూడిద అద్దుకున్నా వేళ్ళ చివర్లు నల్లబడి పొరలు పొరలుగా లేచిపోతాయి. ఆదివారం అయితే ఆ వేళ్ళతో మా అరుగు మీదకొచ్చి కూర్చుంటుంది. ఆమెకి చదువు రాదు. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి గనక పేపరు చదివి వినిపించడం నా వంతు.

"బాబుగోరూ, సావు కబుర్లు సదవకండి. ఎక్కడన్నా నాటకాలాడితే అయ్యి సదవండి" అంటుంది.

పుట్టింది కోటవురట్ల దగ్గర ఒక పల్లెలో. చెరకు నరికే తల్లి వెనకాల తిరుగుతూ పాడుకుంటున్న పిల్లని మత్స్యలింగం మాస్టారు విన్నారట. ఆయన హార్మోనిస్టు, ఒక పద్యనాటకాల కంపెనీకి గురువు. తల్లిని బతిమాలి తీసుకెళ్ళారు. అక్కణ్ణించి ముప్ఫై ఏళ్ళు రాణి వేషాలు. ట్రంకు పెట్టె, మొహానికి రంగు, బస్సు ప్రయాణాలు, జాతరలు. మాస్టారు ఆమెకి పద్యాలు వందలు నేర్పారు గానీ నియమాలు మాత్రం రెండే నేర్పారు. అవి ఆమె నోటినుంచే వినాలి.

"సభలో ఒక్క మడిసి మల్లీ పాడమన్నా సరే పాడీయాలి. అడిగినోడు తాగున్నాడా, నిద్దర్లేచి అడిగేడా అన్నది మన పని కాదు. ఇంక రెండోది, హార్మోనీ దారి తప్పిందనుకో, దాని ఎనకాల నువ్వు పరిగెట్టకు. నోరు మూసీసి ఆ హార్మోనీ పెట్టి కేసి సూడు. తప్పెవుల్దో సభకి తెలిసిపోద్ది. పెట్టి సక్కబడ్డాక ఎత్తుకో."

మొదటి నియమం వల్ల ఆమె మీద ఒక కథ పుట్టింది. పాయకరావుపేట దగ్గర ఏదో జాతరలో రాణి చనిపోయే ఘట్టం. పద్యం పాడి ప్రాణం విడిచింది, మీద గుడ్డ కప్పారు. వెనకనుంచి ఎవడో "వన్స్ మోర్" అన్నాడు. సింహాద్రమ్మ గుడ్డ తీసి లేచి కూర్చుని, అడిగినవాడి వైపు తిరిగి దణ్ణం పెట్టి, పద్యం మొత్తం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయింది. మా ఊళ్ళో ఈ కథ చెప్పుకుని పగలబడి నవ్వుతారు. అందులో నవ్వేదేమిటో ఆమెకి ఈనాటికీ తెలీదు.

"అడిగేడు, పాడేను. ఇందులో ఏటుంది?" అంటుంది.

రాత్రి ఈలలేసిన ఈ ఊరే పగలు ఆమెని చూసి మొహం తిప్పుకునేది. నాటకాల మనిషని ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళయింది, నిలవలేదు. తరవాత రికార్డింగ్ డాన్సులొచ్చాయి, టీవీలొచ్చాయి, కంపెనీ మూతపడింది, మాస్టారు పోయారు. జీడి షెడ్డులో చేరిన ఈ పదిహేనేళ్ళలో సభలో ఆమె గొంతు లేవలేదు.

ఒక ఆదివారం ఆమె మా అరుగు మీద ఉండగానే కళాసమితి కార్యదర్శి సూర్యప్రకాష్ వచ్చాడు. మోటారు సైకిలు దిగకుండానే మాట్లాడాడు.

"సింహాద్రమ్మా, తల్లి వేషం నువ్వే వెయ్యాలి. ఈ ఊళ్ళో ఆ మొహం ఇంకెవరికీ లేదు."

"మొగానికేటి బాబూ, ముసిలి మొగాలు బోలెడు. పాటెవులు పాడతారు?"

"ఇంకెవరు, నువ్వే!"

"నా గొంతుతోటేనా?"

"నీది కాకపోతే నాదా? నేను పాడితే సముద్రం వెనక్కెళ్ళిపోద్ది" అని నవ్వాడు.

"అయితే వత్తాను. నాకింకేటీ వొద్దు."

అతను వెళ్ళాక వేళ్ళ మీద లేచిన పొర గిల్లుకుంటూ కూర్చుంది. తరవాత, "షెడ్డులో జీడి పొగకి గొంతు గీరుకుపోతంది బాబుగోరూ. ఇంకో ఏడు పోతే ఇది పాడదు. నిండు సభలో ఒక్కపాటన్నా మొత్తం పాడీసి అప్పుడు మూసీసుకుంటాను" అంది. ఆమెకి కావలసింది ఆ ఒక్క పాటే. మిగతాదంతా చదివేవాళ్ళు దీంతో కొలుచుకుంటే చాలు.

డైరెక్టరు ధర్మతేజ. పెళ్ళిళ్ళకీ షాపుల ప్రారంభోత్సవాలకీ ఈవెంట్లు చేసే కుర్రాడు, విశాఖలో రెండు షార్ట్ ఫిల్ములు తీశాడు. రిహార్సల్సులో సింహాద్రమ్మ పాడుతుంటే, "అమ్మా, లిప్ క్లియర్‌గా పెట్టండి" అనేవాడట.

"లిప్పంటే ఏటి బాబూ?"

"నోరమ్మా, నోరు."

"పాడేటప్పుడు నోరు తెరుత్తాను కదా, మూసుకుని ఎలా పాడతారు?"

కుర్రాళ్ళంతా నవ్వారట. ఆమె కూడా నవ్విందట. నాటకానికి ముందు రోజు అతను ఆమె వేళ్ళు చూసి, "ఎల్‌ఈడీ స్క్రీన్ మీద క్లోజప్ పడుతుందమ్మా, ఆ చేతులు కొంగులో దాచుకోండి, అసహ్యంగా ఉంటాయి" అన్నాడు. వలలు లాగి చేపలమ్మి బతికే తల్లి వేషం అది. ఆ తల్లికి పనిచేసిన చేతులుంటే అసహ్యమట!

నాటకం ఒక కల్యాణ మండపంలో. సాయంత్రం ఆరున్నరకన్నారు, ముఖ్య అతిథి వచ్చేదాకా తెర తియ్యలేదు. నా పక్క కుర్చీ గణేశ్వరరావుగారిది. ఆయన లెక్చరరుగా రిటైరయ్యారు, జిల్లా పేజీలో నాటకాల మీద సమీక్షలు రాస్తారు. ఈ చుట్టుపక్కల ఏ పరిషత్తులో బహుమతులివ్వాలన్నా ఆయన మాట నడుస్తుంది.

తెర లేచింది. స్టేజికి ఎడమవైపు పెద్ద ఎల్‌ఈడీ తెర మీద సముద్రం, దాని పాదాల దగ్గర మనిషెత్తు స్పీకరు పెట్టె. పొగ మిషను ఆగకుండా పొగ వదుల్తోంది, ముందు వరసల్లో దగ్గులు. పాటలన్నీ ముందే రికార్డు చేసి పెట్టినవి. నటులు చేతులూ నోళ్ళూ ఆడిస్తున్నారు. ఒక కుర్రాడి నోరు పాట కంటే ముందు నడుస్తోంది, ఇంకొకడిది వెనక. అదెవరికీ పట్టలేదు. ఎవరూ స్టేజి వైపు చూడటం లేదు. చేతిలో ఎత్తిపట్టిన ఫోన్లలో చూస్తున్నారు. మనిషి ఎదురుగా ఉండగా అరచేతిలో ఉన్న మనిషి బొమ్మని చూడటానికి వచ్చారు.

కథలో తుపాను వచ్చింది. కొడుకు తెరచాప తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. సరిగ్గా అప్పుడు లైట్లు వెలిగాయి. సూర్యప్రకాష్ మైకు పట్టుకుని వచ్చి, "తుపాను ఒక్క ఐదు నిమిషాలు ఆగుతుందండీ. మన దాతలకి చిరు సత్కారం" అన్నాడు. శాలువాలు, దండలు, మెమెంటోలు. ఫొటో కోసం కప్పిన శాలువాలు తీసి మళ్ళీ కప్పారు. ఒకాయన పడవెక్కి మరీ ఉపన్యాసమిచ్చాడు. తాడు పట్టుకున్న కుర్రాడు కాసేపు అలాగే నిలబడి, ఎంతకీ తెమలకపోతే తాడొదిలేసి దండల పళ్ళెం పట్టుకున్నాడు. చావబోయే కొడుకు దండలందిస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. నేను తలొంచుకుని నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

తుపాను మళ్ళీ మొదలయ్యే ముందు, సినిమాలో లేని ఒక డాన్సు. వేటకెళ్ళేవాళ్ళ వాడలో తళుకు బట్టలేసుకున్న పిల్లలు నలుగురు, కింద రంగు లైట్లు. హాలు ఊగిపోయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని కుర్చీలెక్కి అరిచారు. ధర్మతేజ మళ్ళీ వేయించాడు, ఇంకోసారీ వేయించాడు. పక్కనుంచి గణేశ్వరరావుగారు, "ఆడియన్స్ పల్స్ పట్టుకున్నాడండీ కుర్రాడు" అన్నారు. ఆయన తొడ మీద తాళం కూడా వేశారు.

తరవాత తల్లి వచ్చింది. చేతులు కొంగులో ఉన్నాయి. వచ్చి స్టేజి మధ్య నిలబడి కొంగులోంచి చేతులు తీసి, కళ్ళు మూసుకుని ఎవరికో దణ్ణం పెట్టింది. మాస్టారికే అయ్యుంటుంది. ఊపిరి తీసుకుంది. గణేశ్వరరావుగారికి ఫోనొచ్చింది. ఎవరిదో స్థలం రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడుతూ లేచి బయటికెళ్ళారు.

"పొద్దు గూకింది నాయినా..."

ఎత్తుకున్న మాట నోట్లో ఉండగానే స్పీకరు పెట్టె విరుచుకుపడింది. వయొలిన్లు, ఫ్లూటు, వాటి మీద ఒక పడుచు గొంతు. తీపి గొంతే. పంచదార పాకంలో ముంచి తీసిన జీడిపప్పులా నున్నగా ఉంది. పొయ్యి దగ్గర కూడు చల్లారిపోతుంటే కొడుకు కోసం చూసే మనిషి గొంతు మాత్రం కాదు. ఆమె కొంగుకి తగిలించిన మైకు ఉత్తదే. అందులో కరెంటు లేదు. అర చరణం దాకా ఆమె పెట్టెతో పోటీపడింది. ముందు వరసలో ఉన్నాను గనక నాకు రెండూ వినపడ్డాయి.

ఆ తరవాత సింహాద్రమ్మ నోరు మూసేసింది. పక్కకి తిరిగి స్పీకరు పెట్టె కేసి చూసింది.

ఆమె ఏం చేస్తోందో ఆ హాల్లో నాకొక్కడికే తెలిసింది. హార్మోనియం దారి తప్పింది. అది తప్పు తెలుసుకుని చక్కబడే దాకా ఆమె ఆగింది. పాపం, ఆ పెట్టెకి మాస్టారి దగ్గర పాఠం కాలేదు. అది పాడుకుంటూ పోయింది. ఎల్‌ఈడీ తెర మీద ఆమె మొహం గోడంత పడింది. తలుపు రెక్కల్లా బిగించిన పెదవులు. హాలు నిండా పాట.

మొదట ఒక మూల కిసుక్కుమన్నారు. తరవాత హాలంతా అందుకుంది.

"ఓలమ్మ! మామ్మ లిప్ మర్చిపోయిందిరోయ్!"

"నోరు తెరువు అత్తా, ఈగలు దూరవులే!"

"నెట్‌వర్క్ లేదురా, బఫరింగ్!"

ఈలలు, కేకలు. ఫోన్లన్నీ ఆమె మీదకి లేచాయి. ఆమె పాట అయ్యేదాకా కదలకుండా అలాగే పెట్టెని చూస్తూ నిలబడింది. ట్రాకు ముగియగానే జనం ట్రాకుకి చప్పట్లు కొట్టారు. నా వెనకావిడ, "పాట మటుకు ఎంత బాగా పాడిందండీ!" అంది.

గణేశ్వరరావుగారు వచ్చి కూర్చున్నారు. "తల్లి పాట అయిపోయిందా? ఎలా పాడింది?" అనడిగారు.

"పాడలేదండీ. నోరు మూసుకుని నిలబడింది" అన్నాను.

"అలాగా! నోరు మూసుకునా?" అన్నారు. ఆయన కళ్ళు మెరిశాయి. అప్పుడు నాకర్థం కాలేదు.

తెరవెనక పెద్ద గొడవే జరిగిందట. "ఏటి బాబూ ఇది, నా గొంతన్నావు?" అని ఆమె సూర్యప్రకాష్‌ని నిలదీసింది. "పాట వచ్చింది కదమ్మా, ఎవరిదైతే ఏంటి?" అన్నాడు అతను. ధర్మతేజ ఇంకా గట్టిగా, "నా షో ముంచేశావు. ముసలాళ్ళని పెట్టుకోవద్దని చెప్తూనే ఉన్నాను" అన్నాడు. ఆమె రంగు కడుక్కోకుండానే ఇంటికి నడిచొచ్చేసింది.

ఆ ఆదివారం పేపర్లో సమీక్ష వచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుంది. చదవక తప్పలేదు. గణేశ్వరరావుగారు రాసింది ఇలా ఉంది:

'తల్లి పాట ఘట్టంలో యువ దర్శకుడు ధర్మతేజ తెలుగు రంగస్థలానికి ఒక కొత్త వ్యాకరణాన్ని అందించారు. పాట వినబడుతూనే ఉంటుంది, తల్లి మాత్రం పెదవి విప్పదు. పుత్రశోకం మాటలకందదని చెప్పేందుకు మౌనాన్నే ఒక వాద్యంగా వాడుకున్నారు. కొడుకుని మింగిన సముద్రం వైపు ఆమె నిశ్చలంగా చూసిన చూపు ప్రేక్షకులను కంటతడి పెట్టించింది.'

సింహాద్రమ్మ నా వైపు తిరిగింది.

"సముద్రమేటి బాబుగోరూ? నాను పెట్టి కేసి సూసేను."

"అవును. పెట్టె సముద్రం కింద ఉంది కదా."

"ఈయనెక్కడ కూకున్నాడు?"

"నా పక్కనే. ఆ టైములో బయటికెళ్ళాడు."

"ఎవులేడ్చేరు? అందరూ ఈలలేసేరు కదా!"

చేతిలో ఉన్న పేపరునుంచి ఏదో మురికి అంటుకున్నట్టు పంచెకి వేళ్ళు తుడుచుకున్నాను.

ఆ సమీక్ష వచ్చిన సాయంత్రానికే ఊరి మాట మారిపోయింది. ఈలలేసినవాళ్ళే వాట్సాపులో ఆమె మూసిన నోరు బొమ్మ పెట్టి 'హృదయం ద్రవించింది' అని రాసుకున్నారు. ధర్మతేజ ఏదో యూట్యూబ్ చానల్లో కూర్చుని, "ఆ సైలెన్స్ నా కాన్సెప్టండీ, రెండు నెలలు వర్క్‌షాప్ చేశాం" అన్నాడు. సమితివాళ్ళు ఆమెని పిలిచి సన్మానం చేశారు. సూర్యప్రకాష్ ఆమెకి 'మౌన నటశిరోమణి' అని బిరుదు చదివి శాలువా కప్పాడు. రెండు మాటలు మాట్లాడమని ఎవరూ అడగలేదు. మౌన శిరోమణి కదా, మాట్లాడితే బిరుదు పాడైపోదూ!

ఇద్దరం తిరిగొస్తుంటే అబీద్ సెంటరు దాటాక ఆమె ఆగింది. శాలువా తీసి చంకలో పెట్టుకుంది.

"ముప్పయ్యేళ్ళు నోరు తెరిసి పాడేను బాబుగోరూ. ఒక్కడూ తువ్వాలు ముక్క కప్పలేదు. నోరు మూసుకున్నందుకు శాలువా ఏటండి? థూ!" అని కాలవలోకి ఉమ్మింది. మర్నాడు ఆ శాలువా జీడి షెడ్డులో కామమ్మ కూర్చునే చోట గోనె మీద పరిచి ఉందని విన్నాను. కామమ్మ ఆమె పక్క మిషను మీద పనిచేసే మనిషి, చింతపల్లి దగ్గరి కొండ ఊరినుంచి ఇక్కడికొచ్చి స్థిరపడింది. మెత్తగా బాగుందని చెప్పిందట.

నెల తిరక్కుండా యలమంచిలిలో నాటక పోటీలు. ధర్మతేజ స్వయంగా సింహాద్రమ్మ ఇంటికొచ్చాడు. 'నువ్వు' పోయి మళ్ళీ 'మీరు' వచ్చింది.

"అమ్మా, మీ మౌనం మీదే నిలబడింది మన నాటకం. యలమంచిలిలో కూడా సేమ్ టు సేమ్ కావాలి."

ఆమె ముంగిట్లో చీపురు పట్టుకుని అతని మొహంలోకి చూస్తూ అంది.

"నిలబడతాను బాబూ. మరైతే ఆ పెట్టిలో పాట కూడా ఎందుకు? అది కూడా తీసీండి. ఏ సప్పుడూ వొద్దు. ఉత్తినే నిలబడతాను."

ధర్మతేజ నోరు తెరిచాడు. తరవాత నుదురు కొట్టుకున్నాడు. "టోటల్ సైలెన్స్! అమ్మా, మీరు జీనియస్!" అక్కడే నిలబడి గణేశ్వరరావుగారికి ఫోను చేశాడు. ఆయన అక్కణ్ణుంచి "అద్భుతం, అద్భుతం" అనడం ఆమె వాకిలి బయట ఉన్న నాక్కూడా వినబడింది.

అతను వెళ్ళాక నేను ఆమె వైపు చూశాను. "సప్పుడు లేకపోతేనే కదండీ గొంతు ఇనపడ్డాది" అంది. "ఎవులితోటీ అనకండి." మర్నాటినుంచి పొద్దున్నే కళ్ళాపి చల్లుతూ ఆమె సన్నగా సాధన చెయ్యడం వినేవాణ్ణి. పొగకి గీరుకుపోయిన గొంతే. పైకి వెళ్ళినచోట కాస్త చీలుతుంది. ఆ చీలినచోటే నేను చేస్తున్న పని ఆపేవాణ్ణి.

యలమంచిలికి వ్యాన్‌లో వెళ్ళాం. నన్నూ కామమ్మనీ ఆమే పట్టుబట్టి ఎక్కించింది. కామమ్మ జన్మలో నాటకం చూడలేదు. దారి పొడుగునా "అత్తా, అక్కడ తినడానికేటన్నా దొరుకుద్దేటి?" అనే అడిగింది.

హాలు నిండింది. అదే పొగ, అదే డాన్సు, అవే కేకలు. అక్కడ తుపాను మూడు సన్మానాలకి ఆగింది. గణేశ్వరరావుగారు ఇక్కడ న్యాయనిర్ణేత, గులాబీ గుచ్చుకుని కూర్చున్నారు. తల్లి రావడానికి ముందు యాంకరమ్మ, "ఇప్పుడు మీరు చూడబోయేది తెలుగు నాటకంలో మొట్టమొదటి సంపూర్ణ మౌనం. దయచేసి ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి" అని చెప్పింది. చెప్పాక కూడా రెండు మోగాయి.

సింహాద్రమ్మ వచ్చింది. ఈసారి చేతులు కొంగులో పెట్టుకోలేదు. ఎల్‌ఈడీ మీద ఆ నల్లటి వేళ్ళు కనబడ్డాయి. స్పీకరు పెట్టె నోరు మూసుకునుంది. దణ్ణం పెట్టి, ఊపిరి తీసుకుని, ఎత్తుకుంది.

"పొద్దు గూకింది నాయినా, పొయ్యి సల్లారింది నాయినా..."

సినిమా వరస కాదు. మాటలు ఆ పాటవే, నడక పద్యానిది. ఒక్కో మాట మీద నిలిచి, చుట్టూ తిరిగి, మళ్ళీ నాయినా దగ్గరికే వచ్చింది. మైకు లేదు. ముందు సగం హాలుకి వినబడింది. వెనక సగం "సౌండ్! సౌండ్!" అని అరిచింది.

"మౌనమన్నారు, పాడతందేటి?"

"ఎవర్రా ఆపరేటరు, నిద్రపోతున్నాడా?"

కొందరు ఫోన్లు దించేశారు. వినడానికి కాదు, బోరుకొట్టి. నా ముందున్న కుర్రాడు పాట నడుస్తుండగానే క్రికెట్ స్కోరు చూసుకున్నాడు. గణేశ్వరరావుగారు మొహం చిట్లించి పక్క జడ్జి చెవిలో ఏదో అన్నారు. తెర పక్కన ధర్మతేజ రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆపమని. ఆమె ఆ వైపే చూడలేదు. గొంతు ఒకచోట చీలింది, చీలినదాన్నే పట్టుకుని పైకి పోయింది, మెల్లిగా దింపింది. పూర్తి పాట పాడింది. పూర్తయ్యాక చప్పట్లు చినుకుల్లా అక్కడా ఇక్కడా రాలి ఆగిపోయాయి.

అప్పుడు ద్వారం దగ్గరనుంచి ఒక కేక. కామమ్మ. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం.

"అత్తా! నాను బయిటుండిపోనాను, ఇనలేదు! మల్లీ మొదలెట్టి పాడీ!"

హాలు గొల్లుమంది. ఇంతవరకూ నాటకంలో రాని నవ్వు అది. ఒకడు, "బజ్జీ తిన్నాక అడగవే" అన్నాడు. స్టేజి మీద సింహాద్రమ్మ మాత్రం నవ్వలేదు. ద్వారం వైపు తిరిగి, చేతులు జోడించి, నిండుగా దణ్ణం పెట్టింది. మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.

డాన్సు పిల్లలు రెండో పాటకి రెడీ అయి తెర పక్కన గజ్జెలు చప్పుడు చేస్తున్నారు. ధర్మతేజ లైట్లు తీయించేశాడు. చీకట్లో కూడా ఆమె ఆగలేదు. వెనక వరసలవాళ్ళు లేచి టీకి పోయారు. కామమ్మ బజ్జీ నమలడం మానేసి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. రెండోసారి గొంతు మొదటిసారి కంటే బాగా కాగింది. చివరి నాయినా దగ్గర ఎంతసేపు నిలిపిందో నేను చెప్పలేను. ఆగాక చప్పట్లు లేవు. ఎవరో "హమ్మయ్య" అన్నారు.

తిరుగు వ్యాన్‌లో మా ముగ్గురితో ఎవరూ మాట్లాడలేదు. కామమ్మ ఒక్కతే, "ఆ పిలగోడు మరి ఒచ్చేడేటి అత్తా, సచ్చిపోనాడేటి?" అని అడిగింది. "రాలేదే" అంది సింహాద్రమ్మ. కామమ్మ మిగిలిన బజ్జీ ఆమె చేతిలో పెట్టింది.

ఆదివారం పేపరొచ్చింది. నాటకానికి ద్వితీయ బహుమతి. డాన్సుకి ప్రత్యేక ప్రశంస. నాకు చదవాలనిపించలేదు. మడిచి పక్కన పెట్టబోయాను.

"సదవండి బాబుగోరూ."

"వద్దులే. చెత్త రాశాడు."

"నా గురించి రాసేడా?"

"రాశాడు."

"అయితే సదవండి."

చదివాను. 'దర్శకుడు ఎంతో సాహసంతో రూపొందించిన సంపూర్ణ మౌనాన్ని సీనియర్ నటి సింహాద్రమ్మ భగ్నం చేశారు. పాతకాలపు పద్యనాటకాల అలవాటు చొప్పున, ఎలాంటి అవసరం లేకుండా, మైకు సైతం లేకుండా, సొంత గొంతుతో పాట మొత్తం పాడారు. అంతటితో ఆగక ప్రేక్షకుల్లో ఎవరో అడిగారని రెండోసారి కూడా పాడారు. ఇటువంటి నటీమణులను ఆధునిక ప్రదర్శనలకు దూరంగా ఉంచడం శ్రేయస్కరం.'

చదవడం ముగించి కళ్ళజోడు తీశాను. లేచి పుక్కిలించి రావాలనిపించింది. ఆయన పక్కన కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చుని నాటకాలు చూశాను కదా అని అసహ్యమేసింది. ఇక నుంచి సమితివాళ్ళు ఆమెని పిలవరు. ఏ సమితీ పిలవదు. ఆ ముక్క ఆమెకి ఎలా చెప్పాలా అనుకుంటున్నాను.

ఆమె గోడకి జారబడి కూర్చుని ఉంది. మొహంలో కోపం లేదు.

"సొంత గొంతుతోటని రాసేడా?"

"రాశాడు."

"మొత్తం పాడేనని?"

"ఆఁ."

"రెండోసారి కూడా అని?"

"అది కూడా."

సింహాద్రమ్మ నల్లబడ్డ వేలితో పేపరు మీద తట్టింది. ఆమెకి అక్షరాలు రావు. తట్టింది వేరే వార్త మీద, ఎక్కడో పశువుల సంత గురించి.

"ఆ ముక్క మల్లీ సదవండి బాబుగోరూ" అంది.

కళ్ళజోడు పెట్టుకున్నాను. మొదటినుంచీ చదివాను.